పక్క లాంచీలో పిల్లల బంతి

పాపికొండలు చూడాలన్నది మా అమ్మ కోరిక. రావులపాలెంలో పుట్టి, రావులపాలెంలోనే కాపురం చేసి, గోదావరి వంతెన మీద పోయే లారీల చప్పుడు వింటూ బతికిన మనిషి. ఆ గోదావరి పైనెక్కడి నుంచి వస్తుందో ఒక్కసారీ చూడలేదు. అప్పట్లో ప్రాజెక్టు కడతారనీ, కొండల మధ్య ఊళ్లన్నీ మునిగిపోతాయనీ పేపర్లో తరచు వచ్చేది. "అన్నీ మునిగిపోయాక చూపిస్తావా ఏంటి?" అని అమ్మ ఏడాదిగా దెప్పుతూనే ఉంది. చివరికి ఒక కార్తీకమాసంలో బయల్దేరాం. నేను, నా భార్య, నాలుగేళ్ల మా పాప, అమ్మ, డిగ్రీ చదువుతున్న మా బావమరిది.

నేను మెకానికల్ డిప్లొమా చేసి ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూసేవాణ్ణి. ఒక యంత్రం ఎన్ని రకాలుగా చెడిపోగలదో ముందే ఆలోచించి పెట్టుకోవడం మా పని. ఆ బుద్ధి ఇంటికీ వచ్చేసింది. కాచి చల్లార్చిన నీళ్లు, జ్వరం సిరప్పు, వాంతుల మాత్రలు, పాపకి రెండు జతల గౌన్లు, టార్చిలైటు, నైలాను తాడు సర్దాను.

"తాడెందుకు బావా? లాంచీ ఆగిపోతే నువ్వు దిగి లాగుతావా?" అన్నాడు బావమరిది.

"లాగుతాడు, లాగుతాడు. ఈయన దగ్గర దానికీ ఒక పద్ధతి ఉంటుంది," అంది నా భార్య.

రాజమండ్రి నుంచి బస్సులో పురుషోత్తపట్నం చేరి అక్కడ లాంచీ ఎక్కాం. చుక్కాని పట్టే సరంగుని మొదట అడిగింది పిల్లల లైఫ్ జాకెట్ల గురించి. "చిన్నపిల్లల సైజు ఉండదండి. ఆళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలండి," అన్నాడు. పెద్దవాళ్ల జాకెట్టే పాపకి తొడిగి, తువ్వాలుతో రెండు చుట్లు బిగించాను. గండిపోచమ్మ గుడి దాటకముందే ఉక్కపోస్తోందని ఏడ్చి విప్పించేసుకుంది. లాంచీలో మైకు పట్టుకుని ఒకబ్బాయి సినిమా పాటలు వేస్తూ పిల్లల చేత డాన్సులు చేయిస్తున్నాడు. పాప అందులోకి దూకింది. కొండలు రెండు వైపుల నుంచి దగ్గరికి జరుగుతున్నాయి. అమ్మ కిటికీ చువ్వ పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ పూట మేమందరం సుఖంగానే ఉన్నాం. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు.

పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగుతుంది. కొంచెం పైన చెట్ల మధ్య శివాలయం, పక్కనే కొండవాగు. కట్టిన రేవంటూ ఏమీ లేదు, ఇసుక తిన్నె. ముందు వచ్చిన లాంచీ ఇసుకకి ఆనుకుని ఆగుతుంది. తర్వాత వచ్చినది దాని పక్కన చేరి దానికే తాడు కట్టుకుంటుంది. రెండో లాంచీలో వాళ్లు మొదటి లాంచీలోంచి నడిచి, దాని నుంచి ఒడ్డుకి వేసిన బల్ల మీదుగా దిగాలి. గోదావరి మీద ఇది మామూలే. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు.

ఆ రోజు మాకన్నా ముందొచ్చిన లాంచీ నరసాపురం వైపు కుటుంబం ఒకటి మొత్తంగా మాట్లాడుకున్నది. ఇంటి పెద్దాయనకి షష్టిపూర్తట. మామిడాకుల తోరణాలు కట్టారు. ఎక్కడెక్కడి చుట్టాలో కలిసి వచ్చారు. మేం ఆ లాంచీ దాటుతున్నప్పుడు డెక్ మీద అరిటాకులు పరిచి పిల్లల భోజనాల బంతికి సిద్ధం చేస్తున్నారు. పులిహోర బేసిను పట్టుకున్న పెద్దావిడ మా దారికి అడ్డంగా నిలబడింది.

"తినెళ్లండమ్మా. మొహమాటం ఏంటి? పడవెక్కాక అందరం ఒకటే."

"గుడికెళ్లి వస్తామండి," అని నా భార్య నవ్వుతూ తప్పుకుంది.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, గుడి మెట్లు ఎక్కలేక మా లాంచీలోనే ఉండిపోయింది. డాన్సు చేసి అలసిపోయిన పాప నాయనమ్మ ఒళ్లో కునుకుతోంది. "దాన్ని లేపకండి. ఎండలో ఎందుకు? మీరెళ్లి రండి, నేను చూస్తాను," అంది అమ్మ. బావమరిది ఫోటోలు తీసుకుంటానని వెనక ఉండిపోయాడు. మేమిద్దరం వెళ్లాం. గుడిలో జనం ఉన్నారు. వాగులో కాళ్లు పెట్టుకుని కాసేపు కూర్చున్నాం.

తిరిగి వచ్చేసరికి షష్టిపూర్తి లాంచీ వెళ్లిపోయింది. దాని చోటులోకి మా లాంచీని జరిపి కట్టారు. మేం బల్ల ఎక్కుతున్నాం. అమ్మ లేచి నిలబడి మా చేతుల వైపు చూసింది.

"పిల్లేదిరా?" అంది అమ్మ.

"పాప ఏదండీ అత్తయ్యగారూ?" అంది నా భార్య.

రెండు ప్రశ్నలూ ఒకేసారి వచ్చాయి.

జరిగింది ఇంత. పాప లేచి వాళ్లమ్మ కావాలని ఏడ్చింది. అదే సమయానికి బావమరిది కెమెరా పట్టుకుని పక్క లాంచీ డెక్ మీద నిలబడి ఉన్నాడు. "ఒరేయ్, పిల్లని వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లు," అని అమ్మ కేకేసింది. వాడు చెయ్యి ఊపాడు. పాప ఆ లాంచీలోకి అడుగు పెట్టడం అమ్మ కళ్లారా చూసి, ఇంక పర్వాలేదని కూర్చుంది. మైకు హోరులో వాడికి ఆ కేకే వినపడలేదు. ముసలావిడ పలకరిస్తోందనుకుని చెయ్యి ఊపి, దిగి కొండ ఫోటో తీయడానికి పోయాడు.

మొదట కేకలు వేశాం. తర్వాత లాంచీ అంతా వెతికాం. బల్లల కింద, ఇంజను గది, వంటపాత్రల వెనక, ఎక్కడెక్కడో. పాప దూరలేని చోట్లు కూడా వెతికాను. నా బుర్ర దానంతటది పని మొదలుపెట్టింది: ఒకటి, నీళ్లు. రెండు, కొండ మీది అడవి. మూడు, వెళ్లిపోయిన లాంచీ. ఒక్కోదానికీ ఏం చేయాలో కూడా ఆలోచించాను. నీళ్లకి మనుషులు దిగాలి. కొండకి ఊళ్లోవాళ్లు కావాలి. లాంచీకి ఫోను కావాలి. సెల్‌ఫోన్లు అప్పుడే జేబుల్లోకి వస్తున్నాయి, నా దగ్గరా ఉంది. ఆ కొండల మధ్య దానికి టవర్ లేదు.

సరంగు వెదురు గెడ తీసి లాంచీ చుట్టూ నీళ్లలో పొడవడం మొదలుపెట్టాడు. గెడ దిగేటప్పుడు ఇసుక తగిలిన చప్పుడు వస్తుంది. ఒక్కోసారి రాదు. రానప్పుడు వాడు ఆగి, గెడని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఆ ఆగడంలో నా ప్రాణం పోయి వచ్చేది. పనివాడొకడు చొక్కా విప్పి దూకాడు. వాడు పైకి తేలిన ప్రతిసారీ నా భార్య వాడి మొహం చూడలేదు, చేతులు చూసింది.

బావమరిది కొండ మీద ఇళ్ల దాకా పరిగెత్తి వచ్చాడు. వాడితో పాటు ఊళ్లో మగవాళ్లు దిగి వాగు వెంట వెతికారు. ఎవరూ చూడలేదు. వెదురు బుట్టలు అమ్ముకునే ఆవిడ మాత్రం, "ఆ పెళ్లోళ్ల లాంచీలో పిల్లల్ని కూకోబెట్టి అన్నం పెట్టారు గదా. దాన్లో ఉందేమో సూడండి," అంది. నువ్వు చూశావా అమ్మా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "సూళ్లేదు బాబూ. పిల్లలు శానామంది ఉన్నారు."

పులిహోర బేసిను పట్టుకున్న ఆ పెద్దావిడ అప్పుడు గుర్తొచ్చింది. మా వైపు బంతి వేశాక ఎదురుగా నిలబడ్డ పిల్ల ఎవరిదని ఎవరడుగుతారు? ఖాళీ ఆకు ముందు కూర్చోబెట్టి వడ్డించేస్తారు. అందులోనూ అది చుట్టాలకే చుట్టాలు తెలియని గుంపు. ఇది ఆశే. కానీ ఊహ మీద నిలబడ్డ ఆశ. నీళ్లు మాత్రం ఊహ కాదు, కళ్ల ముందే ఉన్నాయి.

సరంగు గెడ పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. "బాబుగారూ, పొద్దు పోతే ఈ కొండల గండిలో సుడులు కనపడవండి. లాంచీ నిండా పిల్లాపాపా ఉన్నారు. నేను బయల్దేరాలండి. కూనవరం నుంచి దిగే సర్వీసు లాంచీ ఇంకోటి ఉంది. ఎవరైనా ఉండిపోతే దాంట్లో రావచ్చు."

"పాప ఆ లాంచీలోనే ఉంటుంది. వెంటనే వెళ్లాలి, పద," అన్నాను నా భార్యతో.

"మీరెళ్లండి. నేను రాను."

"ఇక్కడ ఉండి ఏం చేస్తావు? లెక్క ప్రకారం చూసినా అవకాశం ఎక్కువ..."

"మీ అవకాశాలు నాకు చెప్పకండి," అంది. గొంతు పెంచలేదు. "అది ఇక్కడే ఎక్కడో ఉండి బయటికొస్తే? నేను కనపడకపోతే హడలిపోదూ?"

ఇసుకలో, సరిగ్గా నీళ్ల అంచున కూర్చుంది. చీర కుచ్చిళ్లు తడుస్తున్నాయి. లేపడానికి రెక్క పట్టుకుంటే నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించింది. బావమరిది కళ్లు తుడుచుకుంటూ, "నేను అక్క దగ్గర ఉంటాను. నువ్వెళ్లు బావా," అన్నాడు. లాంచీ వెనక్కి తిరిగింది. ఇసుక మీద ఇద్దరు కనపడ్డారు, తర్వాత ఒక మచ్చ కనపడింది, ఆ తర్వాత కొండ అడ్డం వచ్చింది.

ఆ ప్రయాణం గురించి చెప్పడం కష్టం. పాప ముందున్న లాంచీలో ఉంటే, ముందుకు పోయే కొద్దీ దానికి దగ్గరవుతున్నాను. లేకపోతే అదే వేగంతో దానికి దూరమవుతున్నాను. లాంచీ ఒకటే, ఇంజను ఒకటే. ఏ వైపు పోతున్నానో నాకు తెలియదు.

ఇంకో భయం కూడా ఉంది. ఆ కుటుంబం రేవులో దిగి బస్సులెక్కేస్తుంది. నిద్రపోయిన పిల్లని ఎవరో ఒకరు భుజాన వేసుకుంటారు. ఈ బస్సులో వాళ్లు ఆ బస్సు వాళ్ల పిల్ల అనుకుంటారు. తలో ఊరూ పోతారు. పాపకి తన పేరు తెలుసు, ఊరి పేరు అడిగితే "అమ్మమ్మ వాళ్లూరు" అంటుంది. వాళ్లు రేవు వదలకముందే అందుకోవాలి.

ఇంజను గదిలోకి దిగి డ్రైవరుని బతిమాలాను. "ఇంకొంచెం పెంచు బాబూ."

"పెంచుతానండి, నాకూ పిల్లలున్నారు. కానీ ఇప్పటికే కుతకుతలాడుతోంది, చూడండి. ఇంకా తొక్కితే మధ్యలో నిలబడిపోద్దండి."

వాడు చెప్పింది నిజం. చప్పుడు విని, పొగ రంగు చూసి నేనే చెప్పగలను, అది తన శక్తికి మించి లాగుతోంది. వేరొకరి యంత్రమైతే తగ్గించమని చెప్పేవాణ్ణి. గోనెసంచీ తడిపి వేడెక్కిన గొట్టం మీద వేశాను. ఆరగానే మళ్లీ తడిపాను. దానివల్ల ఉపయోగం ఎంతో నాకు తెలుసు, దాదాపు ఏమీ లేదు. ఐనా మానలేదు. చేతులు ఖాళీగా ఉంటే గెడ నీళ్లలోకి దిగుతున్న చప్పుడు వినపడుతోంది.

పైకి వస్తే జనం. మైకు ఆపేశారు. చిన్నపిల్లాడెవడో "ఇంక డాన్సు లేదా అమ్మా?" అంటే వాళ్లమ్మ వీపు మీద ఒకటి వేసింది. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆ ఏడుపు వినలేక నేను చెవులు మూసుకున్నాను. కళ్లజోడాయన ఒకరు పక్కన కూర్చుని, "ఏం గౌనండి వేసింది?" అని అడిగారు. పసుపు అని చెప్పాను. "పసుపైతే దూరానికి కూడా కనపడుద్దండి," అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. నేను మాత్రం నీళ్ల వైపు చూడటం మానుకోలేకపోయాను.

అమ్మ గండిపోచమ్మ గుడి కనపడగానే కొంగు పరిచి బల్ల మీద సాగిలపడింది. "తల్లీ, నా కాళ్లు తీసుకో. నడవలేకపోయినా పర్వాలేదు. నేను చూస్తానన్నాను తల్లీ, నేను చూస్తానన్నాను." ఆ ఆఖరి మాటే మళ్లీ మళ్లీ అంటోంది. లేవదీసి కూర్చోబెడితే నా వైపు చూడలేక మొహం తిప్పుకుంది. ఏదైనా చెప్పాల్సింది నేను. తడి గోనెసంచీ కోసం కిందికి దిగిపోయాను.

రేవు వచ్చింది. మామిడాకుల లాంచీ కట్టేసి ఉంది, ఖాళీగా. బల్ల వేసే దాకా ఆగకుండా దూకి, మోకాలి లోతు నీళ్లలోంచి గట్టెక్కాను. టీ కొట్టాయన్ని అడిగితే, "షష్టిపూర్తోళ్లా? ఒక బస్సు ఎల్లిపోయిందండి. రెండోది అదిగో. ఏదో గొడవాడుకుంటున్నారు," అన్నాడు.

బస్సు చుట్టూ మనుషులు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు.

"మీ రెండోవాడి కూతురు కాదా?"

"మా రెండోవాడికి కూతురెక్కడుంది వదినా? ఇద్దరూ మగపిల్లలే కదా!"

"మరి మీరే కదమ్మా రెండు బూరెలు పెట్టారు దీనికి?"

"ఆకు ముందు కూర్చుంటే పెట్టనా ఏంటి? ఎవత్తివే నువ్వని అడుగుతారా తినే పిల్లని?"

"ఏ పిక్నిక్కుకెళ్లినా పిల్ల తక్కువైందంటారు గానీ, ఎక్కువైందన్న వాళ్లని మనల్నే చూస్తున్నాం!"

బస్సు మెట్టు మీద, మెడలో చామంతి దండ వాడిపోతుంటే, షష్టిపూర్తి పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్లో పసుపు గౌను. పాప నోటి చుట్టూ బెల్లం జిడ్డు. అప్పుడే నిద్ర లేచినట్టుంది, నన్ను చూసి, "నాన్నా, ఈ తాతగారికి పుట్టినరోజంట," అంది.

నేను పాపని ఆయన ఒళ్లోంచి ఎత్తుకున్నాను. పులిహోర వడ్డించిన పెద్దావిడ పరిగెత్తుకొచ్చి, నా మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యబాబోయ్, ఎంత పని చేశామండీ. మా పిల్లే అనుకున్నామండీ బాబూ, మా పిల్లే అనుకున్నాం." పెద్దాయన లేచి రెండు చేతులూ జోడించారు. పిల్లకి అన్నం పెట్టి, నిద్రొస్తే పడుకోబెట్టినవాళ్లని ఏమని తిట్టను? అమ్మ గట్టెక్కి వచ్చి పాప కాళ్లు పట్టుకుని కళ్లకద్దుకుంది.

అంతటితో అయిపోలేదు. పాప దొరికిందని నాకు తెలుసు. పైన ఇసుకలో కూర్చున్న మనిషికి తెలియదు.

పేరంటాలపల్లికి ఫోను లేదు. పైకి పోయే పడవ ఏదైనా ఉందా అని రేవులో అందరినీ అడిగాను. ఈ పూట ఏదీ పోదన్నారు. చేపలవాళ్ల పడవ ఒకటి ఉంది, తెడ్ల పడవ. దానిలో ఎదురీది వెళ్లేసరికి తెల్లారుతుంది. సర్వీసు లాంచీ వస్తే అందులో నా భార్య వస్తుందో, ఆ ఇసుక వదలనని కూర్చుంటుందో చెప్పలేను. పాప నా చేతిలో ఉంది, బతికి ఉంది, బరువుగా ఉంది. నా భార్యకి ఆ క్షణాన అది చనిపోయి ఉంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని దాటించడానికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

షష్టిపూర్తి వాళ్లు వెళ్లలేదు. పెద్దాయన బస్సు ఆపించి, "ఆ తల్లి వచ్చేదాకా కదిలేది లేదు," అన్నారు. మగవాళ్లు గట్టు మీద వరుసగా నిలబడి నది మలుపు వైపు చూస్తున్నారు. పొద్దు కుంకింది. కొండల వైపు నీళ్లు నల్లబడ్డాయి.

చిట్టచివరికి లాంచీ వచ్చింది. ముందు భాగంలో బావమరిది నిలబడి ఉన్నాడు. నేను పాపని రెండు చేతులతో తల మీదికి ఎత్తాను. వాడు చూశాడు. వెనక్కి పరిగెత్తాడు. లాంచీ దగ్గరికి వచ్చేసరికి నాకు నా భార్య కనపడింది. మూల బల్ల మీద, గట్టుకి వీపు పెట్టి, వచ్చిన దారి వైపే చూస్తూ కూర్చుంది.

"అమ్మా!" అని పాప అరిచింది.

ఆవిడ తిరగలేదు.

"అమ్మా! అమ్మా!"

తిరగలేదు. తమ్ముడు భుజాలు పట్టుకుని కుదుపుతున్నాడు. "అక్కా, పాప, అదిగో పాప, వినపడట్లేదా?" ఇంజను ఆపేశారు కాబట్టి ఆవిడ మాట గట్టు మీదికి స్పష్టంగా వచ్చింది.

"వినపడుతోందిరా. మధ్యాహ్నం నుంచీ వినపడుతూనే ఉంది. ఆ నీళ్లలోంచి పిలుస్తూనే ఉంది."

నేను పాపని ఎత్తుకుని లాంచీలోకి దూకి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ పాప మొహం వైపు చూడలేదు. ముందు జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది. తర్వాత గౌను మెడ దగ్గర మొదలుపెట్టి, చేతులు, నడుము, అంచు దాకా అరచేత్తో తడిమి తడిమి చూసింది. ఎక్కడా తడి లేదు. అప్పుడు మొహం చూసింది. అప్పుడు అరిచింది.